ఇంట్లో ఫేస్‌వాష్ చేసుకునేవాళ్లకి: ఏ సర్ఫాక్టెంట్ కొనాలి, ఏ సాల్యుబిలైజర్ ఎంత వేయాలి

"అక్కా, టీ ట్రీ ఆయిల్ పైకి తేలిపోతోంది, ట్వీన్ 20 వేయాలా 80 వేయాలా?" ఇదొకటి. "సల్ఫేట్ లేనిదే కొన్నా, అయినా మొహం మండుతోందేంటండీ?" ఇది రెండోది. నన్ను అడిగేవాళ్లలో చాలామంది తిప్పి తిప్పి ఈ రెండే అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక అయిపోయింది, అందుకే మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా. నేనుండేది బెంగళూరులో కాబట్టి షాపులు, నీళ్లు, చలి అన్నీ ఇక్కడి లెక్కలోనే ఉంటాయి, హైదరాబాద్ వాళ్లు, విజయవాడ వాళ్లు కొంచెం అటూ ఇటూ మార్చుకోండి.

ముందే ఒక మాట చెప్పేస్తా, తర్వాత తిట్టుకోవద్దు. సాల్యుబిలైజర్ గురించి అడిగేవాళ్లలో సగం మందికి అసలు సాల్యుబిలైజర్ అవసరమే లేదు. నూనె ఎక్కువ పోస్తున్నారు, అది తేలుతోంది, దాన్ని ముంచడానికి ఇంకో కెమికల్ వెతుకుతున్నారు. నూనె తగ్గిస్తే చాలాసార్లు అక్కడితో కథ అయిపోతుంది. ఎందుకో కింద లెక్కతో చూపిస్తా.

థియరీ రెండే లైన్లు. సర్ఫాక్టెంట్ అంటే మురికినీ జిడ్డునీ పట్టుకుని నీళ్లతో పాటు పోయేలా చేసేది. సాల్యుబిలైజర్ కూడా సర్ఫాక్టెంటే, కాకపోతే దాని పని కొంచెం నూనెని నీళ్లలో కనపడకుండా కలిపి ఉంచడం. క్రీముల్లో వాడే ఎమల్సిఫైయర్ వేరు, అది తెల్లగా పాలలా చేస్తుంది, పారదర్శకంగా ఉంచదు. ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ తెచ్చి ఫేస్‌వాష్‌లో వేసి "క్లియర్‌గా రావట్లేదు" అంటే రాదు మరి.

కావాల్సినవి

- 0.1 గ్రాము, కుదిరితే 0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా. స్పూన్లు, మూతలు, చుక్కల లెక్క వద్దు
- పీహెచ్ (పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత, 7 కన్నా పైకెళ్లేకొద్దీ క్షారం) స్ట్రిప్స్, 4 నుంచి 7 రేంజ్‌వి. 1 నుంచి 14 వరకు ఉండేవి చవకే కానీ 5కీ 6కీ తేడా కనపడదు
- డిస్టిల్డ్ వాటర్
- కోకామిడోప్రొపైల్ బీటైన్, షాపులో సీఏపీబీ అంటే చాలు
- డిసైల్ గ్లూకోసైడ్ లేదా కోకో గ్లూకోసైడ్, ఏదో ఒకటి
- గ్లిజరిన్, చిక్కదనానికి జాంతన్ గమ్
- ప్రిజర్వేటివ్: ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిపి అమ్మేది
- నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్
- సాల్యుబిలైజర్: ఇప్పుడే కొనకండి, 4వ స్టెప్ చదివాక కొనండి
- గాజు గ్లాసులు రెండు మూడు, గాజు కడ్డీ లేదా స్టీలు స్పూను, పంపు సీసా, సర్జికల్ స్పిరిట్

నీళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్ వైపు అపార్ట్‌మెంట్లలో ట్యాంకర్ నీళ్లో బోరు నీళ్లో వస్తాయి, బకెట్ అడుగున తెల్లగా గార కట్టడం మీరు చూసే ఉంటారు. ఆ నీళ్లు ఫార్ములాలో పోయొద్దు. ఆర్వో నీళ్లు కొంచెం నయం కానీ ఆ ట్యాంకులో, పైపులో క్రిములు ఉండొచ్చు. బ్యాటరీ వాటర్ అని అమ్మేది లవణాలు తీసిన నీళ్లే గానీ మొహానికని తయారుచేసింది కాదు, మెడికల్ షాపులోనో ల్యాబ్ సామాన్ల షాపులోనో డిస్టిల్డ్ వాటర్ అడగండి.

స్టెప్ 1: సర్ఫాక్టెంట్ ఎంచుకోండి

సిటీ మార్కెట్, చిక్‌పేట వైపు హోల్‌సేల్ కెమికల్ షాపులకి వెళ్తే తెలుగులో అడిగినా పలుకుతారు, అది సుఖం. కానీ అక్కడ ఎక్కువగా అమ్ముడుపోయేది ఫినాయిల్, గిన్నెల లిక్విడ్ చేసేవాళ్ల సరుకు. "లిక్విడ్ సోప్ చేయాలి" అని ఊరికే అంటే యాసిడ్ స్లరీ అంటగట్టే ఛాన్స్ ఉంది. అది గిన్నెలకి, బట్టలకి. మొహానికి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ఘాటైన యాసిడ్ అది, చేతి మీద పడినా కాలుతుంది. పేరు పూర్తిగా రాసుకుని వెళ్లండి, కాస్మెటిక్ గ్రేడ్ అని అడగండి, సీఓఏ, అంటే ఆ సరుకు టెస్ట్ రిపోర్టు, కాగితం ఫొటో అయినా పంపమనండి. ఆ కాగితంలో మీకు కావాల్సినవి రెండే: యాక్టివ్ శాతం (అంటే డబ్బాలో అసలు సర్ఫాక్టెంట్ ఎంత శాతమో) ఎంత, పీహెచ్ ఎంత.

సీఏపీబీ. నురగ బాగుంటుంది, మిగతా సర్ఫాక్టెంట్ల ఘాటు తగ్గిస్తుంది. యాక్టివ్ సుమారు 30%. కాగితంలో సాలిడ్స్ 35 దాకా రాసి ఉంటుంది, అందులో ఉప్పు కూడా కలిసి ఉంటుంది కాబట్టి సాలిడ్స్ చూసి యాక్టివ్ అనుకోవద్దు.

డిసైల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్. చక్కెర, కొవ్వు ఆల్కహాల్ నుంచి తయారయ్యేవి. యాక్టివ్ సుమారు 50%. ఒక్కటే వాడితే నురగ పెద్ద పెద్ద బుడగలుగా వస్తుంది, కడిగాక చర్మం కొంచెం బిరుసుగా అనిపిస్తుంది, అందుకే సీఏపీబీతో జంటగా వాడతాం. అసలు సంగతి ఏంటంటే వీటి పీహెచ్ డబ్బాలో 11 నుంచి 12 దాకా ఉంటుంది. పైన అడిగిన రెండో ప్రశ్నకి జవాబు చాలాసార్లు ఇదే. సల్ఫేట్ లేదు, నేచురల్, జెంటిల్ అని కొని పీహెచ్ దించకుండా మొహానికి రాస్తే మండక ఏం చేస్తుంది.

లారైల్ గ్లూకోసైడ్. చిక్కగా ఉంటుంది, డిసెంబర్, జనవరిలో బెంగళూరు చలికి డబ్బాలోనే పేస్టులా గట్టిపడుతుంది. పాడైపోలేదు, వేడినీళ్ల గిన్నెలో డబ్బా పెట్టి కరిగించి మొత్తం బాగా కలిపాకే తూచండి.

సోడియం కోకోయిల్ ఐసిథయనేట్, ఎస్‌సీఐ అంటారు. పొడి గానీ సన్నటి నూడుల్స్ లాగా గానీ దొరుకుతుంది. చర్మానికి మెత్తగా ఉంటుంది, నురగ క్రీములా వస్తుంది. తలనొప్పి ఏంటంటే నీళ్లలో సులభంగా కరగదు, కరిగించినా చల్లారాక రవ్వరవ్వగా మళ్లీ తేలుతుంది. క్లియర్ జెల్ కావాలనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు, తెల్లగా క్రీములా ఉన్నా పర్లేదనుకుంటే తీసుకోండి. పొడి తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఫ్యాన్ కట్టేయండి, ముక్కులోకి పోతే గొంతు పట్టేస్తుంది, తుమ్ములాగవు.

సోడియం లారాయిల్ సార్కోసినేట్ కూడా మంచిదే, యాక్టివ్ 30%, జిడ్డు చర్మం వాళ్లకి బాగుంటుంది.

ఎస్‌ఎల్‌ఎస్ (సోడియం లారైల్ సల్ఫేట్) మాత్రం మొహానికి వద్దు. ఎస్‌ఎల్‌ఈఎస్ (సోడియం లారెత్ సల్ఫేట్) దానికన్నా కొంచెం మెత్తన, సీఏపీబీ కలిపితే ఇంకా మెత్తబడుతుంది, బాడీ వాష్‌కి వాడితే నేనేం కొట్టను.

ఇక్కడే ఒక విషయం. "జెంటిల్" అంటే అందరికీ పడుతుందని కాదు. సీఏపీబీని అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ వాళ్లు 2004లో ఆ ఏడాది అలర్జెన్‌గా ప్రకటించారు, 2017లో అదే పేరు గ్లూకోసైడ్లకి దక్కింది. ఎక్కువమందికి ఏమీ కాదు, సీఏపీబీ విషయంలో గొడవంతా చాలావరకు తయారీలో మిగిలిపోయే మలినాల వల్లే. అందుకే గుర్తు తెలియని డబ్బాలోంచి వంపి ఇచ్చే లూజు సరుకు వద్దంటున్నా. మీకు ఇప్పటికే ఏ షాంపూ వాడినా కనురెప్పల దగ్గర దురద వస్తుంటే, ముందు డెర్మటాలజిస్టుని కలిసి ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి, ఆ తర్వాత ఈ వంట మొదలుపెట్టండి.

కుంకుడుకాయ గురించి అడుగుతూనే ఉంటారు. అందులో సాపోనిన్లు ఉన్నాయి, అవి సర్ఫాక్టెంట్లే, మన అమ్మమ్మలు తలంట్లు పోసింది దాంతోనే. కానీ కళ్లలో పడితే ఎలా ఉంటుందో చిన్నప్పుడు ఏడ్చిన ఎవరికైనా తెలుసు, మొహానికి ఎలా రాస్తాం. పైగా ఆ రసం బయట పెడితే ఒకట్రెండు రోజుల్లో పులిసిపోతుంది. అప్పటికప్పుడు నానబెట్టి తలకి వాడుకోండి, సీసాలో నిలవ పెట్టే ఫార్ములాలో కలపొద్దు. సున్నిపిండి మీద నాకు గౌరవమే, దాన్ని పొడిగానే ఉంచి వాడుకోండి, లిక్విడ్‌లో కలిపితే బూజుకి భోజనం పెట్టినట్టే.

స్టెప్ 2: యాక్టివ్ లెక్క వేయండి

ఇది వదిలేస్తే మిగతాదంతా గుడ్డి లెక్కే. గ్రాములని యాక్టివ్ శాతంతో గుణించి 100తో భాగించడం, అంతే. 100 గ్రాముల ఫేస్‌వాష్‌లో సీఏపీబీ 15 గ్రాములు వేస్తే 15 × 30 / 100 = 4.5. డిసైల్ గ్లూకోసైడ్ 10 గ్రాములు వేస్తే 10 × 50 / 100 = 5. మొత్తం 9.5. అంటే మీ ఫేస్‌వాష్‌లో అసలు సర్ఫాక్టెంట్ 9.5%.

ఫేస్‌వాష్‌కి 8 నుంచి 12 మధ్య ఉంచండి. పొడి చర్మం అయితే 6, 7 చాలు. బాడీ వాష్ అయితే 12 నుంచి 18 దాకా పోవచ్చు. నురగ తక్కువైందని ఇంకో 10 గ్రాములు పోసేవాళ్లున్నారు, నురగకీ శుభ్రానికీ అంత సంబంధం లేదండి. కడిగాక వేలితో రుద్దితే చెంప కిర్రుమంటోందంటే శుభ్రంగా ఉందని కాదు, ఉండాల్సిన జిడ్డు కూడా పోయిందని.

స్టెప్ 3: నూనె నిజంగా కావాలా, ఎంత కావాలి?

మొహం పొడిబారకూడదని ఫేస్‌వాష్‌లో బాదం నూనె వేసేవాళ్లు చాలామంది. ఇప్పుడు చెప్పే లెక్క చూడండి. బాదం, నువ్వుల నూనె లాంటి బరువు నూనెలు క్లియర్‌గా కలవాలంటే నూనెకి పది రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పాలిసార్బేట్ 80 (ట్వీన్ 80 అనే సాల్యుబిలైజర్) పడుతుంది. 2 గ్రాముల బాదం నూనె కోసం 20 గ్రాముల పాలిసార్బేట్. అంత వేస్తే నురగ చచ్చిపోతుంది, చెయ్యి జిగటగా ఉంటుంది, ఇక ఆ 2 గ్రాముల నూనె కడిగినప్పుడు నీళ్లతో పాటే పోతుంది. దేనికొచ్చిన గోల ఇది?

మెత్తదనం కావాలంటే గ్లిజరిన్ 3 నుంచి 5% వేయండి. ఇంకా కావాలంటే పెగ్-7 గ్లిజరైల్ కోకోయేట్ 1 నుంచి 2%, అది నీళ్లలో కరిగే నూనె లాంటిది, సాల్యుబిలైజర్ అక్కర్లేదు. నిజంగా నూనెతోనే మొహం శుభ్రం చేసుకోవాలంటే దాని దారి వేరు, చివర్లో క్లెన్సింగ్ ఆయిల్ అని రాశా చూడండి.

సువాసన కోసం ఎసెన్షియల్ ఆయిల్ అయితే మొహానికి 0.2% దాటొద్దు. 100 గ్రాములకి 0.2 గ్రాము. చుక్క సైజు సీసాని బట్టి మారిపోతుంది కాబట్టి తూచండి. సున్నితమైన చర్మం, మొటిమలు పగిలి ఉన్న చర్మం అయితే అసలు వేయొద్దు, వాసన లేని ఫేస్‌వాష్ కూడా మొహం కడుగుతుంది.

స్టెప్ 4: సాల్యుబిలైజర్ ఎంచుకోండి

ముందు ఏమీ కొనకుండా ఒక చిన్న టెస్ట్. 0.2 గ్రాము ఎసెన్షియల్ ఆయిల్‌ని 10 గ్రాముల డిసైల్ గ్లూకోసైడ్‌లో వేసి బాగా కలపండి, తర్వాత 15 గ్రాముల సీఏపీబీ కలపండి, తర్వాత 70 గ్రాముల నీళ్లు కొంచెం కొంచెంగా. చాలాసార్లు ఇది క్లియర్‌గానే ఉండిపోతుంది, ఎందుకంటే 9.5% సర్ఫాక్టెంట్ ఉన్నచోట ఆ కాస్త నూనెని అదే మోసుకుపోతుంది. క్లియర్‌గా ఉంటే మీ సాల్యుబిలైజర్ డబ్బులు మిగిలినట్టే. మబ్బుగా ఉంటే, లేదా పైన నూనె కళ్లు కనపడితే, అప్పుడు కింద ఉన్నవాటిలో ఒకటి.

పాలిసార్బేట్ 20, షాపులో ట్వీన్ 20. టీ ట్రీ, లావెండర్, లెమన్‌గ్రాస్ లాంటి తేలిక నూనెలకి ఇదే మొదటి ఛాయిస్. నూనెకి నాలుగు రెట్లతో మొదలుపెట్టండి, ఎనిమిది దాకా పోవచ్చు.

పాలిసార్బేట్ 80, ట్వీన్ 80. బరువు నూనెలకి. పసుపు రంగు, తనకంటూ ఒక వాసన ఉంటుంది. తేలిక నూనెకి ఇది వేస్తే తప్పేం లేదు గానీ 20 ఉండగా 80 ఎందుకు.

పెగ్-40 హైడ్రోజనేటెడ్ క్యాస్టర్ ఆయిల్. పేరులో ఆముదం ఉంది కదా అని ఇంట్లో ఆముదం పోయకండి, రెండూ వేరు. రెడీమేడ్ సెంటు నూనెలకి ఇది బాగా పనిచేస్తుంది, మూడు నుంచి ఐదు రెట్లు. ఇది కూడా చలికి గడ్డ కడుతుంది, కరిగించి వాడండి.

క్యాప్రైలిల్ క్యాప్రైల్ గ్లూకోసైడ్. పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) వద్దనుకునేవాళ్లకి. ఐదు నుంచి ఎనిమిది రెట్లు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇది కూడా గ్లూకోసైడే కాబట్టి పీహెచ్ కంపెనీని బట్టి మారుతుంది, కాగితం చూడండి.

పెగ్ అంటే భయపడేవాళ్లకి ఒక మాట: పాలిసార్బేట్లు, పెగ్‌లు, ఎస్‌ఎల్‌ఈఎస్ ఇవన్నీ ఇథాక్సిలేషన్ పద్ధతిలో తయారవుతాయి, అందులో 1,4-డయాక్సేన్ అనే మలినం కొద్దిగా మిగలొచ్చు, మంచి తయారీదారులు దాన్ని తీసేసి పంపుతారు. ఎస్‌ఎల్‌ఈఎస్ విషం అని తిట్టి పాలిసార్బేట్ మాత్రం చెంచాలు చెంచాలు పోసుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఎంత పడుతుందో మీరే తేల్చుకునే పద్ధతి: మూడు గాజు గ్లాసులు పెట్టుకోండి. ఒక్కోదాంట్లో 0.2 గ్రాము నూనె. మొదటిదాంట్లో 0.8, రెండోదాంట్లో 1.2, మూడోదాంట్లో 1.6 గ్రాము సాల్యుబిలైజర్. ముందు నూనె, సాల్యుబిలైజర్ రెండే కలపండి, చారలు కనపడనంత వరకు. ఆ తర్వాతే 50 గ్రాముల నీళ్లు, మొదట చుక్కలుగా, తర్వాత సన్నగా. ఇప్పుడు గ్లాసు వెనక న్యూస్‌పేపర్ పట్టుకుని చూడండి, పెద్ద హెడ్డింగులు కాదు, క్లాసిఫైడ్స్‌లో చిన్న అక్షరాలు. చదవగలిగితే పాస్. కొంచెం నీలిగా మెరుస్తూ అక్షరాలు కనపడితే బోర్డర్, ఇంకాస్త వేయాలి. కప్పేసి 24 గంటలు వదిలేసి మళ్లీ చూడండి, అప్పుడు అంచు చుట్టూ జిడ్డు గీత లేకపోతే అదే మీ నిష్పత్తి. పాసైన వాటిలో తక్కువ ఏదో అది తీసుకోండి. ఈ గ్లాసుల్లో వేరే సర్ఫాక్టెంట్ లేదు కాబట్టి అసలు ఫార్ములాలో ఇంతకన్నా తక్కువే సరిపోవచ్చు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, నూనెని ముందు నీళ్లలో పోసి, తేలాక పైనుంచి సాల్యుబిలైజర్ పోసి గిలక్కొడతారు. అలా కలవదు. కలిసినట్టు కనిపించినా మర్నాటికి విడిపోతుంది.

స్టెప్ 5: కలపడం, 100 గ్రాములకి

గ్లిజరిన్ 3, జాంతన్ 0.8, డిస్టిల్డ్ వాటర్ 66, డిసైల్ గ్లూకోసైడ్ 10, సీఏపీబీ 15, ప్రిజర్వేటివ్ 1. కావాలంటే ఎసెన్షియల్ ఆయిల్ 0.2, అవసరమైతే సాల్యుబిలైజర్ 1. మిగిలింది సిట్రిక్ యాసిడ్ నీళ్లు, మామూలు నీళ్లు కలిపి 100కి సరిపెట్టడానికి.

1. గిన్నెలు, సీసా, స్పూను సబ్బుతో కడిగి ఆరాక స్పిరిట్‌తో తుడవండి. స్టవ్ పక్కన ఈ పని వద్దు, స్పిరిట్ అంటుకుంటుంది.

2. జాంతన్‌ని ముందు గ్లిజరిన్‌లో కలిపి జావలా చేయండి. నేరుగా నీళ్లలో చల్లితే చేప కళ్లలాంటి గడ్డలు కడుతుంది, గంటసేపు తిప్పినా కరగవు. ఈ జావలో నీళ్లు పోస్తూ తిప్పి అరగంట వదిలేయండి. వంటకి అమ్మే జాంతన్ అయితే కొంచెం మసకగా వస్తుంది, క్లియర్ గ్రేడ్ అని విడిగా దొరుకుతుంది. పైన గ్లాసులో క్లియర్‌గా వచ్చింది ఇక్కడ మసకగా ఉంటే జాంతన్ పనే, సాల్యుబిలైజర్‌ని అనుమానించకండి.

3. వేరే గిన్నెలో నూనె, సాల్యుబిలైజర్ కలపండి. దాంట్లో డిసైల్ గ్లూకోసైడ్, తర్వాత సీఏపీబీ. నూనె లేకపోతే నేరుగా ఈ రెండే. గ్లౌజులు వేసుకోండి, గ్లూకోసైడ్ పీహెచ్ ఎంతో పైన చెప్పా కదా.

4. ఈ మిశ్రమాన్ని జాంతన్ నీళ్లలో పోసి నిదానంగా తిప్పండి. మిక్సీ, హ్యాండ్ బ్లెండర్ వద్దు, గిన్నె నిండా నురగ తప్ప ఏమీ మిగలదు.

5. ప్రిజర్వేటివ్ వేసి కలపండి. ఇది వేయకుండా ఫ్రిజ్‌లో పెట్టుకుంటా అనేవాళ్లకి: నీళ్లున్న ఏ ఫార్ములాకైనా ప్రిజర్వేటివ్ కావాలి. విటమిన్ ఇ ప్రిజర్వేటివ్ కాదు, అది నూనె కంపు కొట్టకుండా మాత్రమే ఆపుతుంది. వేపాకు రసం, తులసి నీళ్లు ప్రిజర్వేటివ్ కావు, అవి క్రిములకి తిండి. ఇంకోటి, పాలిసార్బేట్లు ఎక్కువగా ఉంటే కొన్ని ప్రిజర్వేటివ్‌లని, ముఖ్యంగా పారాబెన్లని, పట్టేసుకుని పనిచేయనివ్వవు. సాల్యుబిలైజర్ తక్కువ వాడమని అంటున్నది నురగ కోసం ఒక్కటే కాదు.

6. ఇప్పుడు పీహెచ్. 2 గ్రాముల సిట్రిక్ యాసిడ్‌ని 8 గ్రాముల నీళ్లలో కరిగించి పెట్టుకోండి, అప్పటికప్పుడే, నిలవ ఉంచితే అందులో కూడా బూజు వస్తుంది. ఫేస్‌వాష్ 1 గ్రాము తీసి 9 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి స్ట్రిప్ ముంచండి. జెల్‌లో నేరుగా ముంచితే రంగు సరిగ్గా తెలీదు. మొదటిసారి స్ట్రిప్ రేంజ్ దాటి చూపిస్తుంది, కంగారు లేదు. సిట్రిక్ నీళ్లు నాలుగైదు చుక్కలు, కలపడం, చూడటం. 5 నుంచి 5.5 మధ్య ఆగండి. 6 దగ్గరికొచ్చాక ఒక్కో చుక్కే వేయండి, గ్లూకోసైడ్ ఫార్ములాలు అక్కడి నుంచి జర్రున జారిపోతాయి. బాగా దిగిపోతే తినేసోడా గుప్పెడు వేయకండి, ఇంకొంచెం డిసైల్ గ్లూకోసైడ్ చుక్కలు వేస్తే పైకొస్తుంది. నిమ్మరసంతో పీహెచ్ దించడం వద్దే వద్దు, అందులో గుజ్జు, చక్కెర ఉంటాయి, పాడవుతుంది.

సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ జంట ప్రిజర్వేటివ్ వాడేవాళ్లు 5 కన్నా కొంచెం కిందికి దించాలి, పైన ఉంటే అది సరిగ్గా పనిచేయదు.

7. తూచి, తక్కువైన నీళ్లు పోసి 100 చేయండి, రాత్రంతా వదిలేస్తే బుడగలు పోతాయి. సీసాలో పోసి తేదీ రాసిన స్టిక్కర్ అంటించండి. రెండు మూడు నెలల్లో వాడేయండి.

ఉప్పు వేస్తే చిక్కబడుతుందని విన్నాం అంటారు. అది ఎస్‌ఎల్‌ఈఎస్, సీఏపీబీ జంటకి పనిచేస్తుంది. గ్లూకోసైడ్‌కి ఎంత ఉప్పు పోసినా నీళ్లలాగే ఉంటుంది, అందుకే జాంతన్.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

కొంచెం ఒక చిన్న గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఒక రాత్రి, మర్నాడు బయట ఒక పగలు, ఇలా మూడుసార్లు తిప్పండి. మబ్బుగా మారి బయట మళ్లీ క్లియర్ అయితే పర్లేదు. పైన గీత కట్టినా, అడుగున రవ్వ దిగినా ఫార్ములా మార్చాలి. వారం తర్వాత పీహెచ్ మళ్లీ చూడండి, అర పాయింటు కన్నా ఎక్కువ కదిలితే ఏదో తేడా ఉంది. రంగు మారినా, పుల్లటి వాసనొచ్చినా, చుక్కలు కనపడినా పారబోయండి, వడకట్టి వాడటాలు వద్దు. ఇంకో సంగతి, కంటికి క్లియర్‌గా ఉంది కదా అని క్రిములు లేవని కాదు.

చర్మం మీద టెస్ట్ ఎలా చేయాలంటే, ఫేస్‌వాష్‌ని మోచేతి మడతలో రాసి 24 గంటలు ఉంచమని చాలామంది చెప్తారు. అలా చేయొద్దు. కడిగేసే వస్తువుని చర్మం మీద అలా వదిలేస్తే ఎంత మంచిదైనా ఎర్రబడుతుంది, అప్పుడు మీకేం తెలుస్తుంది? మోచేతి మడతలోనే రోజుకి రెండుసార్లు, మొహం కడిగినట్టే రాసి అర నిమిషం రుద్ది కడిగేయండి. వారం రోజులు చేయండి. దురద, ఎరుపు, పొట్టు లేకపోతే మొహానికి వెళ్లండి.

మొహం బిగుసుకుపోయినట్టు ఉంటే వెంటనే ఫార్ములాని అనుమానించకండి. ఊరెళ్లినప్పుడు బాగుండి బెంగళూరు రాగానే బిగుసుకుంటోందంటే అది ట్యాంకర్ నీళ్ల మహిమ కావచ్చు. రెండు రోజులు చివరి కడుగుడు ఫిల్టర్ నీళ్లతో చేసి చూడండి, తేడా ఉంటే తప్పు నీళ్లది. సబ్బు బిళ్ల అయితే ఉప్పు నీళ్లలో తెట్టు కట్టి చర్మానికి అంటుకుంటుంది, సీఏపీబీ, గ్లూకోసైడ్ అలా చేయవు, కాబట్టి బోరు నీళ్ల ఇళ్లకి ఈ జంట ఇంకా మంచిదే.

నూనెతోనే కావాలంటే: క్లెన్సింగ్ ఆయిల్

సన్‌ఫ్లవర్ లేదా నువ్వుల నూనె 84 గ్రాములు, పాలిసార్బేట్ 80 15 గ్రాములు, విటమిన్ ఇ 0.5 గ్రాము. కలపండి, అయిపోయింది. నీళ్లు లేవు కాబట్టి ప్రిజర్వేటివ్ అక్కర్లేదు, పీహెచ్ గొడవ అసలే లేదు. కొబ్బరి నూనె వేస్తే బెంగళూరులో చలికాలం పొద్దున్నే సీసాలో గడ్డకట్టి ఉంటుంది, మీ ఇష్టం. కొన్ని నూనెల్లో పాలిసార్బేట్ అడుగుకి దిగుతుంది, ఊపి వాడండి.

టెస్ట్ అరచేతిలోనే. నాలుగు చుక్కలు వేసుకుని తడి వేలితో రుద్దండి. వెంటనే పాలలా తెల్లగా మారి, కుళాయి కింద పెట్టగానే జారిపోతే బాగుంది. నీటి బొట్లు నూనె మీద ముత్యాల్లా నిలబడితే పాలిసార్బేట్ చాల్లేదు, 18, 20 దాకా పెంచండి. పొడి చేతులతో పొడి మొహానికే రాయాలి, తడి చేయి సీసాలో పెట్టొద్దు. నీళ్లు లోపలికి పోతే ఆ సీసా పని అంతే, అందులో ప్రిజర్వేటివ్ లేదు మరి. స్నానాల గదిలో కాకుండా బయట షెల్ఫులో పెట్టుకోండి.

మిగిలిన ప్రశ్నలు, త్వరత్వరగా

రోజ్ వాటర్ నీళ్లకి బదులు వేయొచ్చా? 10% దాకా, అది కూడా ప్రిజర్వ్ చేసినదైతే. ఇంటి కలబంద గుజ్జు? వద్దు. ముల్తానీ మట్టి? పొడిగా వాడుకోండి. ఫ్రెండ్స్‌కి అమ్మొచ్చా? 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారుచేసి అమ్మాలంటే లైసెన్స్ కావాలి, ఇన్‌స్టాలో అమ్మినా అంతే. పసిపిల్లలకి వాడొచ్చా? ఇంట్లో చేసింది వద్దండి. చిన్నపిల్లల చర్మం పల్చన, మన వంటింట్లో క్రిముల టెస్ట్ చేసే మార్గం లేదు, వాళ్లకి పీడియాట్రీషియన్ చెప్పింది కొనండి.

ఏదైనా తేడా వస్తే ఫొటోతో పాటు మీ సీఓఏలో యాక్టివ్ శాతం, మీరు వేసిన గ్రాములు, చివరి పీహెచ్ రాసి పంపండి. "కొంచెం వేశా, పర్లేదా" అంటే నేనేం చెప్పలేను.